ఉల్టా పెట్టిన పలక

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డు పక్కన, ఒక ఫంక్షన్ హాలు గోడ నీడలో, కుండల దుకాణం ఒకటుంది. దుకాణం అంటే నాలుగు గుంజలు, పైన ఒక నీలం పట్టా. ఎండలు మొదలవగానే ఏటా అక్కడే మంచినీళ్ల రంజన్ కొంటాను. ఈ ఏడు వెళ్లేసరికి ఆలస్యమైంది. అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన వాళ్లాయన స్టూలు ఖాళీగా ఉంది.

"పోయిండు బిడ్డా," అంది అవ్వ. "నెల దాటింది. నీకు చెప్పుదామంటె నీ నెంబరు ఆయన ఫోన్లనే ఉండె. ఆ ఫోను మాకు తెరవరాలె."

నేను ఏదో అనబోయాను. అవ్వ ఆగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని సూటిగా అడిగింది.

"ఆడ ఇంక ఉల్టనే ఉన్నదా?"

ఉందో లేదో నాకు తెలియదు. రెండేళ్లుగా నేను అటు పోలేదు. మొగుడు పోయిన నెలకి ఒక మనిషి అడిగే మొదటి ప్రశ్న అదైనప్పుడు, తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. "చూసొచ్చి చెప్తాను అవ్వా," అన్నాను.

ఏది ఉల్టా ఉందో చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి. పేరు రాయను. ఈ సంగతి ఎక్కడైనా రాస్తానని ఒకసారి నేనంటే, "నా పేరెందుకు బిడ్డా, తప్పు నాదా? తప్పును రాయి," అన్నాడు. తప్పు చేసినవాళ్ల పేరు కూడా రాయను. పట్నంలో అదొక చిన్న మ్యూజియం, పాత బంగళాలో ఉంది, అంతవరకు చాలు. పేరు రాస్తే నాకు నోటీసు పంపడంలో చూపించే చురుకు వాళ్లు ఆ పలక మీద చూపించరు. దీన్ని మీరు నివాళి అనుకుంటే అనుకోండి. నా వరకు ఇది ఫిర్యాదు.

ఆయన చేవెళ్ల దగ్గర ముడిమ్యాల మనిషి. కుమ్మరి ఇంట్లో పుట్టి, ఏడో తరగతి దాకా చదివి, రోజూ పొద్దున్నే బస్సెక్కి పట్నం పోయి ఆ మ్యూజియంలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేశాడు. ఆయన కాపలా కాసిన గదిలో ఒక గాజుపెట్టె, ఆ పెట్టెలో అరచేతిలో పట్టేంత మట్టి పలక. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట, ఇప్పుడు ఇరాక్ అంటున్న దేశంలో, ఎవరో తడిమట్టి మీద రెల్లుపుల్లతో నొక్కి నొక్కి రాసింది. ఆ లిపిని క్యూనిఫాం అంటారు. ఆయన మేకుల రాత అనేవాడు. ఒక్కో గుర్తూ చూడటానికి మేకులాగే ఉంటుంది, ఒక చివర వెడల్పు తల, రెండో చివర సన్నని తోక.

ఆ పలకను గాజుపెట్టెలో తలకిందులుగా పెట్టారు. అదీ సంగతి. ఆ ఒక్క పలకను సరిగ్గా పెట్టించడానికి ఆయన ఇరవై ఏళ్లకు పైగా కొట్లాడాడు.

మా పరిచయం ఈ దుకాణం దగ్గరే. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్లం. తొంభైల చివర్లో ఉద్యోగాలకని వచ్చి, తిరిగి తిరిగి మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాం. రంజన్ బేరం ఆడుతుంటే, పక్కన చెక్క మీద ఆరబెట్టిన చిన్న చిన్న మట్టి బిళ్లలు కనిపించాయి, వాటి నిండా మేకులు.

"ఇది క్యూనిఫాం కదండీ?" అన్నాను.

స్టూలు మీద మనిషి అప్పటిదాకా నా బేరాన్ని చెవిన పెట్టలేదు. ఇప్పుడు లేచి నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నాడు. చెక్క మీది బిళ్ల ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని తెలిసినదానిలా కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాను.

"ఉల్టా పట్టుకున్నవు," అన్నాడు.

అలా మొదలైంది. ఆ రోజు రంజన్ కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాను.

ఏ వస్తువు చూసినా అది చేసిన చెయ్యి ఎటునుంచి వచ్చిందో చూసేవాడాయన. గోడ మీది సున్నం చూసి, వేసినవాడిది ఎడమచేతి వాటం అనేవాడు. చేవెళ్ల బస్టాండు దగ్గర హోటల్లో సమోసా మడత చూసి, వంటమనిషి మారిండు అన్నాడొకసారి. మారలేదని యజమాని. ఇద్దరికీ మాట మీద మాట పెరిగింది. ఆఖరికి ఈయన టీ గ్లాసు పట్టుకునే వంటగదిలోకి పోయాడు. నిజమే, పాత మనిషి జ్వరమొచ్చి ఇంటికి పోతే, తమ్ముడు చేస్తున్నాడు. యజమాని టీ ఊరికే ఇస్తానంటే ఈయన ఒప్పుకోలేదు. "టీ వద్దు. నువ్వు అన్న మాట తప్పని అను," అని అక్కడే నిలబడ్డాడు. వెనక జనం నవ్వుతున్నారు. యజమాని అన్నాడు. అప్పుడు కూర్చున్నాడు.

ఆ పట్టుదల చూస్తే కొందరికి చిరాకు, నాకు ముచ్చట. ఎందుకంటే నా ఉద్యోగం కూడా దాదాపు అదే. నేను సాఫ్ట్‌వేర్‌లో టెస్టర్‌ని. తప్పులు వెతకడం పని అనుకుంటారు బయటివాళ్లు. తప్పు దొరకడం ఎంతసేపు? అది తప్పేనని ఆ ప్రోగ్రాం రాసినవాడితో ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. "అలా ఉండాలనే అలా చేశాం" అన్న మాట పాతికేళ్లుగా వింటున్నాను. ఆయన నా కంటే ఎక్కువ విన్నాడు, అదీ నిలబడి.

ఆయనకి ఆ లిపి చదవడం రాదు. వచ్చని ఎప్పుడూ అనలేదు. మరి తలకిందులని ఎలా తెలుసని, అందరూ అడిగినట్టే నేనూ అడిగాను. మాటలు చెప్పలేదు. ముడిమ్యాలలో వాళ్లింటి అరుగు మీద కూర్చోబెట్టి, తడిమట్టి ముద్ద ఒకటి అదిమి చేతికిచ్చి, మూలలు పదునుగా చెక్కిన వెదురుపుల్ల ఇచ్చాడు.

"నొక్కు."

నొక్కాను. మేకు పడింది. తల ఎడమవైపు, తోక కుడివైపు.

"ఇంకోటి నిలువుగ నొక్కు."

తల పైన పడింది, తోక కిందికి.

"ఇప్పుడు తల కుడిదిక్కు వచ్చేటట్టు నొక్కు. మట్టి తిప్పొద్దు."

చెయ్యి వంకరలు తిరిగింది. మోచెయ్యి నా ముఖానికే తగిలింది. ఆయన నవ్వలేదు.

"మణికట్టు ఇరుగుతది గాని రాదు. ఆ దేశంల ఆ కాలపు మనిషికైనా చెయ్యి గిట్లనే ఉంటది. తలలు పైన ఉండాలె, లేదంటె ఎడమకు ఉండాలె. మా మ్యూజియంల అన్ని తలలు కింద ఉన్నయి, కుడికి ఉన్నయి. చదువు రావాల్నా దీనికి?"

ఆయన పై అధికారి ఒకాయన ఆ రోజుల్లో అదే అన్నాడట, చదవరానివాడివి నువ్వెట్ల చెప్తవని. దానికి ఈయన, "పసిపిల్ల మాటలు మనకు తెల్వకపోవచ్చు సార్, తల ఎటున్నది, కాళ్లు ఎటున్నయి అది గూడ తెల్వదా?" అన్నాడు. ఆ మాటకు ఒక నెల ఆ గది నుంచి తీసి సైకిల్ స్టాండు దగ్గర వేశారు. ఎండలో నెల రోజులు సైకిళ్లకు చీటీలిచ్చి వచ్చి, మళ్లీ మొదటి రోజే అదే మాట అన్నాడు.

అసలు తప్పు ఎలా జరిగిందో కూడా ఆయన కళ్లతో చూశాడు. మొదట్లో పలక సరిగ్గానే ఉండేది, ముందువైపు కనిపించేలా. ఒకరోజు పుస్తకంలో వేయడానికి ఫొటో తీసే మనిషి వచ్చాడు. వెనకవైపు రాత ఇంకా స్పష్టంగా ఉందని, అధికారి పలకను వెనక్కి తిప్పాడు. ఫొటో తీశారు. అలాగే పెట్టెలో పెట్టేశారు. ఏదో తేడా ఉందని ఈయనకి ఆ క్షణమే అనిపించింది. ఏమిటో అందలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట.

మూడో రోజు అవ్వ పొయ్యి దగ్గర జొన్న రొట్టె చేస్తోంది. ఈయన ఎదురుగా కూర్చున్నాడు. అవ్వ రొట్టెను పెనం మీద బోర్లించింది.

"అప్పుడు తెల్సింది బిడ్డా," అంటూ బిళ్ల ఒకటి తీసి చూపించాడు. "ఆ రాసినోడు ముందుదిక్కు కింది దాక రాసిండు. జాగ అయిపోయింది. ఏం చేసిండు? కింది అంచు మీదికెల్లి అట్లనే ఎనకకు పోయిండు. అంటే దీన్ని ఎట్ల తిప్పాలె? రొట్టె లెక్క, కిందిది మీదికి. మా సారు ఎట్ల తిప్పిండు? పుస్తకంల కాగితం లెక్క, పక్కకు. పుస్తకాలు సదివినోళ్లకు చెయ్యి పక్కకే పోతది. పక్కకు తిప్పితె ఎనకటి రాత ఉల్టా అయితది."

నా చేతిలో బిళ్లను నేనే రెండు రకాలుగా తిప్పి చూసుకున్నాను. పక్కకి తిప్పితే మేకుల తలలన్నీ కిందికి వేలాడాయి. కిందిది మీదికి తిప్పితే బుద్ధిగా నిలబడ్డాయి. ఇంత చిన్న సంగతి.

లోపల్నుంచి అవ్వ గొంతు వినిపించింది. "రొట్టె నేను తిప్పిన. పేరు ఆయనకు."

"పేరెవ్వరిచ్చిన్రే నాకు? సైకిల్ స్టాండు ఇచ్చిన్రు," అన్నాడు ఆయన.

రిటైరైన రోజు కథ అవ్వే చెప్పాలి, ఆయన చెబితే అందం ఉండదు. అవ్వ కొత్తచీర కట్టుకుని పోయిందట. కుర్చీలు వేశారు, శాలువా కప్పారు, దండ వేశారు. అందరూ లేచి ఈయన మంచివాడని, ఎన్నడూ సెలవు పెట్టలేదని చెప్పారు. తర్వాత మైకు ఈయన చేతికిచ్చి రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

"రెండు ముక్కలే మాట్లాడిండు బిడ్డా. 'పలక ఉల్టా ఉన్నది' అన్నడు. మైకు గుంజుకున్నరు. లడ్డు గూడ పెట్టలె మాకు. నేనైతె ఆ దండ ఆడనే ఇడిచిపెట్టి ఒచ్చిన." ఈ కథ చెప్పినప్పుడల్లా అవ్వ ఆయన్ని నాలుగు తిట్లు తిట్టేది. దండ వదిలేసి వచ్చింది తనేనన్న మాట మాత్రం ఎప్పుడూ మరిచేది కాదు.

ఒక సంగతి నాకు చాలా రోజులు మింగుడు పడలేదు. పెట్టె తాళం ఆయన దగ్గరే ఉండేది. నెలకోసారి పెట్టె తెరిచి, పలకను రెండు చేతులతో తీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి మళ్లీ పెట్టేవాడు. ఒక్క క్షణం పని. తిప్పి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? ఎవరూ దాని వంక చూడను కూడా చూడరే. ఒకరోజు కోపమొచ్చి అడిగేశాను. "మీరే తిప్పేసి ఉంటే అయిపోయేది కదండీ. ఇన్నేళ్లు ఇంత గొడవ ఎందుకు?"

"అండీ గిండీ ఏంది బిడ్డా, బాపు అను," అన్నాడు ముందు. తర్వాత పుల్ల చెక్కుతూ చెప్పాడు.

"ప్రతి నెల నా చేతుల్తోనే ఉల్టా పెట్టిన. ఎట్ల ఉండెనో నీకు ఎట్ల చెప్పాలె? కన్నబిడ్డను తలకిందులు పండుకోబెట్టినట్టు ఉండె. తిప్పనీకె చెయ్యి గుంజేది. గాని దొంగతనంగ తిప్పితె ఏమయితది? తప్పు జరిగిందనే ఎవనికి తెల్వది. రేపు ఇంకో సారొస్తడు, పుస్తకంల ఫొటో చూసి, అటెండరు ఉల్టా పెట్టిండని మల్ల తిప్పుతడు. తప్పు నా నెత్తి మీద పడ్తది. నేను సక్కగ చేసుడు గాదు బిడ్డా. ఆళ్లు తప్పని ఒప్పుకోవాలె. ఆళ్ల చేతుల్తోనే తిప్పాలె."

నాకు ఆ జవాబు నచ్చలేదు. అహంకారం అనుకున్నాను. పలక బాగుపడటం కంటే ఈయన మాట నెగ్గడం ముఖ్యమా అని లోపల విసుక్కున్నాను కూడా. కానీ ఆ రోజు నుంచి బాపూ అనే పిలిచాను.

నా పద్ధతిలో నేనొక పని చేశాను. మ్యూజియంకి పోయి పలకను ఫోన్లో ఫొటో తీసి, ఆ లిపి చదవగలిగిన ఒక విదేశీ ప్రొఫెసరుకి పంపాను. రెండు వారాలకి జవాబొచ్చింది. ఫొటో తలకిందులుగా ఉంది, తిప్పి చదివాను, అని మొదటి వాక్యం. ఇది ఒక ఉత్తరం, మీరు పంపింది వెనకవైపు, చాలా చోట్ల చెరిగిపోయింది, అర్థమైనంతవరకు ఎన్నిసార్లు రాసినా నువ్వెందుకు బదులివ్వవని రాసినవాడు ఎవరినో నిలదీస్తున్నాడు, అని మిగతాది.

అది కాగితం మీద అచ్చు తీసుకుని ముడిమ్యాల పరుగెత్తాను. చదివి తెలుగులో చెప్పాను. ఆయన మొదటిసారి గట్టిగా నవ్వాడు. "చూసినవా, ఆడు గూడ నా అసొంటోడే," అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు వెతుక్కున్నాడు. నేను చూడనట్టు అటు తిరిగాను.

ఆ వారమే ఇద్దరం పోయాం. ఇప్పుడాయన అటెండరు కాదు, టికెట్ కొనుక్కున్న సందర్శకుడు. ఆ టికెట్ మీద కూడా ఆ పలక ఫొటోనే ఉంది, అదీ తలకిందులే. ఆయన టికెట్‌ని తిరగేసి, బొమ్మ నిటారుగా, అక్షరాలు తలకిందులుగా ఉండేలా గేటు మనిషికి చూపించాడు.

"పెద్దాయనా, టికెట్ ఉల్టా పట్టినవు."

"నేను ఉల్టా పట్టలె. మీరు ఉల్టా అచ్చేసిన్రు."

అధికారి కొత్తాయన, చిన్నవాడు, మర్యాదస్థుడు. కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. ప్రొఫెసరు జవాబు రెండుసార్లు చదివాడు. మర్యాదస్థులతోనే నాకు భయం. కేకలేసేవాడితో కొట్లాడొచ్చు.

"మేడం, మీరు చెప్పింది కరెక్టే కావచ్చు," అన్నాడు. "కాని కేటలాగ్‌లో ఇట్లనే ఉన్నది. బ్రోషర్ కవర్ మీద ఇట్లనే ఉన్నది. టికెట్లు ఇట్లనే ఉన్నయి. ఇప్పుడు తిప్పితే అన్నీ తప్పని మేమే చెప్పినట్టు అవుతది. కొత్త కేటలాగ్ వచ్చినప్పుడు చూద్దాం."

"తప్పని ఒప్పుకుంటున్నరా?" అన్నాడు బాపు.

"అట్ల అని కాదు పెద్దాయనా..."

బాపు లేచాడు. నీళ్ల గ్లాసు ముట్టుకోలేదు. తిన్నగా ఆ గదిలోకి పోయి, గాజుపెట్టె ముందు నిలబడి, పెట్టెకి వీపు తిప్పి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నడుం వంచాడు. తలకాయ కిందికి వేలాడేసి, కాళ్ల సందులోంచి పలకను చూశాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్లచొక్కా జారి వీపు కనిపించింది.

"బాపూ, లేవండి, పడిపోతారు," అన్నాను.

"సక్కగ కనవడ్తున్నది," అన్నాడు అక్కణ్నుంచే.

అప్పుడే ఏదో బడి నుంచి విహారయాత్రకొచ్చిన పిల్లలు గదిలోకి వచ్చారు. ఒక పిల్ల ఆగి, "తాతా, ఏం చేస్తున్నవు?" అంది. రాత తలకిందులుగా పెట్టారని, ఇట్లయితేనే నిటారుగా కనిపిస్తుందని ఆయన చెప్పాడు. ఆ పిల్ల వంగింది. పక్క పిల్ల వంగింది. రెండు నిమిషాల్లో గది నిండా పిల్లలు, గాజుపెట్టెకి వీపులు తిప్పి, కాళ్ల సందుల్లోంచి నాలుగు వేల ఏళ్లనాటి ఉత్తరాన్ని చూస్తున్నారు. వాళ్ల టీచరమ్మ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. ఆ పలకను అంతమంది ఒకేసారి శ్రద్ధగా చూడటం ఆ మ్యూజియంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. గుమ్మం దగ్గర ఆ మర్యాదస్థుడు నిలబడి చూశాడు. వంగలేదు. లోపలికీ రాలేదు.

బయటికి వచ్చేముందు బాపు సందర్శకుల పుస్తకంలో ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. ప్రతి నెలా వచ్చి రాస్తానన్నాడు. నేనూ వస్తానన్నాను. రెండు నెలలు పోయాను. తర్వాత ఆఫీసులో పనెక్కువై, ఇంట్లో మా అత్తగారికి దవాఖాన తిరుగుళ్లై, మానేశాను. ఎండాకాలం రంజన్‌కి పోతే, "ఉల్టనే ఉన్నది," అని మాత్రం చెప్పేవాడు బాపు, ఇంట్లోవాళ్ల క్షేమం చెప్పినట్టు.

అవ్వకి మాటిచ్చాను కనుక ఆ శనివారమే పోయాను. పలక అలాగే ఉంది. మేకుల తలలన్నీ కిందికే. పక్కన చీటీ మాత్రం కొత్తది వేశారు, పాతదాని కంటే పెద్ద అక్షరాలతో. నాకు తెలియకుండానే పెట్టెకి వీపు తిప్పి వంగాను. యాభై దాటిన నడుం, కలుక్కుమంది.

"మీరు గూడ ఆ తాత లెక్కనే వంగుతున్నరు మేడం," అంది కాపలా అమ్మాయి. యూనిఫాం వేసుకున్న ఇరవై ఏళ్ల పిల్ల. "రెండు నెలలాయె, రాలేదేంది ఆయన?"

చెప్పాను. ఆ పిల్ల తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "సోమవారం తుడిచేటప్పుడు తాళంచెవి నాకే ఇస్తరు మేడం," అంది. "జర తిప్పి పెట్టన్నా? ఎవ్వరికి తెల్వదు."

రెండేళ్ల కిందటైతే నేనే బతిమాలి ఉండేదాన్ని. ఇప్పుడా మాట ఆ పిల్ల నోట వింటుంటే ఆయన చెప్పిందంతా ఒక్కసారిగా అర్థమైంది. ఎవరికీ తెలియకుండా తిప్పేస్తే ఆ ఇరవై ఏళ్లు, ఆ సైకిల్ స్టాండు, ఆ మైకు అన్నీ ఉత్తివైపోతాయి. ఏ తప్పూ జరగనట్టే ఉంటుంది.

"వద్దమ్మా," అన్నాను. "వాళ్లతోనే తిప్పించాలి."

సందర్శకుల పుస్తకం అడిగి తెరిచాను. చాలా బాగుంది అని ఎవరో, ఫ్యాన్లు పెట్టించండి అని ఎవరో. వాటి మధ్య నెలకొకసారి, ఒకే చేతిరాతలో, ఒకే వాక్యం. పలక ఉల్టా ఉన్నది. పలక ఉల్టా ఉన్నది. చివరిది వణికింది. ప్రతిదాని కింద అధికారులు వాడే ఆకుపచ్చ సిరాతో చిన్న పొట్టి సంతకం ఉంది, చూసినట్టు. అంటే ప్రతి ఒక్కటీ చదివారు. చదివి, సంతకం పెట్టి, మూశారు. ఎవరూ చదవలేదేమో అని అప్పటిదాకా వాళ్ల మీద కాస్త జాలి ఉండేది. అది పోయింది.

పుస్తకాన్ని బల్ల మీద తలకిందులుగా తిప్పి పెట్టాను. ఆయన చివరి వాక్యం కింద మిగిలిన ఖాళీలో, ఆయన మాటల్నే రాశాను. కింద నా పేరు పెట్టాను.

"మేడం, పుస్తకం ఉల్టా ఉన్నది," అంది ఆ పిల్ల.

"తెలుసు. సంతకం పెట్టేవాళ్లు తిప్పుకుంటారు."

ఆదివారం దుకాణానికి పోయి అవ్వకి అంతా చెప్పాను. తాళంచెవి సంగతి చెప్పాను, వద్దన్నానని చెప్పాను. ఆకుపచ్చ సిరా సంగతి చెబుతుంటే అవ్వ ముఖం గట్టిపడింది. గూట్లోంచి తెచ్చి ఆయన చేసిన బిళ్లల్లో ఒకటి స్టూలు మీద పెట్టి ఉంది, తలలు పైకి ఉండేలా. పాడె మీద ఆయన పక్కన దాన్ని పెడదామని చుట్టాలంటే తనే వద్దందట, ఎటు తిప్పి పెడతారో నమ్మకం లేక.

"నువ్వు మల్ల నెల పోతవా?" అంది.

"పోతాను అవ్వా."

"నన్ను గూడ తీస్కపో."

"అవ్వా, అక్కడ రాయాలి. పుస్తకంలో..."

"నాకు రాయరాదు. ఏలుముద్ర గూడ ఎయ్య," అంది అవ్వ. చేతికి అంటిన మట్టి దులుపుకుని లేచింది. "ఇంత జొన్నపిండి, పెనం తీస్కపోదాం. ఆ సారు ముందట పెట్టి, రొట్టె ఎట్ల తిప్పుతరో నేను చూపెడ్త."